ఒకటో నంబరు మీద యావొరెక్ కొండ

"బండిది తప్పు, నాది కాదు," అంది క్వేతా. పొద్దున్నించి ఆ మాట అనడం అది ఆరోసారి.

వంటింటి బల్ల దగ్గర బూట్లతో కూర్చుంది. గడప లోపల బూట్లు వేసుకోవడమనేది ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఎవరూ చేయని పని. మీటరు చూడ్డానికి వచ్చిన మనిషికైనా ఆవిడే ఒక చెప్పుల జత ముందుకు తోసి, మార్చుకునేదాకా దారి వదలదు. అలాంటి మనిషి తాను తుడిచిన నేల మీద తానే మట్టి బూట్లతో కూర్చుందంటే, ఎవరేమన్నా సరే బయల్దేరాలని నిశ్చయించుకుందన్న మాట.

"తాళంచెవి ఇవ్వు ద్రాహా."

"ఇవ్వను," అంది కూతురు ద్రహోమీరా. సైకిలు బ్యాటరీ తాళంచెవి ఆమె జీన్స్ జేబులో ఉంది. నిన్న సాయంత్రం బ్ర్నో నగరం నుంచి వచ్చి, అమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి, వెంటనే చేసిన పని ఆ చెవిని జేబులో వేసుకోవడం.

"ఇప్పుడు టైమెంత? తొమ్మిదింపావు. గంటన్నరలో యావొరెక్ ఎక్కి దిగొస్తా. పదకొండింటికి డాక్టరమ్మ ఫోన్ చేసేసరికి ఇక్కడే ఉంటా. నా బండి మీద, ఒకటో నంబరు మీద ఎక్కి చూపిస్తే మీ ఇద్దరి నోళ్ళూ మూతబడతాయి."

"ఆదివారం నీ పెదాలు నీలంగా అయిపోయాయట. విల్మా చెప్పింది."

"విల్మాకి కళ్ళద్దాలు మార్చే టైమొచ్చింది."

"ప్రార్థనా మందిరం దగ్గర గడ్డి మీద పడుకున్నావట. పావుగంట లేవలేదట."

"ఎండగా ఉంది, పడుకున్నా. గడ్డి మీద పడుకోవడం నేరమా?"

ఆవిడ భర్త బొహుమీర్ ఇద్దరికీ వీపు పెట్టి సింకు దగ్గర నిలబడి, కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతున్నాడు. "ఇవాళ వద్దులే క్వేతా," అన్నాడు గోడకేసి చూస్తూ.

క్వేతా భర్త వీపుకేసి వింతగా చూసింది. యావొరెక్ ఎక్కొద్దని ఆయన అనడం ఆవిడ ఎన్నడూ వినలేదు. వర్షం పడుతున్నా, మంచు కురుస్తున్నా 'వెళ్ళిరా, నేను బంగాళదుంపలు ఉడకేస్తా' అనే మనిషి.

"నువ్వు కూడానా బొహుష్?"

ఆయన కప్పు తుడవడం మొదలుపెట్టాడు.

"నాకు అర్థం కానిది ఒక్కటే," అంది క్వేతా. గొంతు కొంచెం దిగింది. "గురువారం ఎక్కాను. ఒకటో నంబరు మీద, ఎక్కడా ఆగకుండా. ఆదివారం విల్మా బండి మీద రెండో మలుపు దాటలేకపోయాను. నంబరు రెండు చేశా, మూడు చేశా, అయినా పోలేదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే వారం కొన్నాం. మధ్యలో రెండు రోజులు. రెండు రోజుల్లో మనిషి గుండె ఇంత పాడవుతుందా? చెప్పండి, మీరిద్దరూ చదువుకున్నవాళ్ళేగా!"

కూతురికి జవాబు తెలీదు. భర్తకి తెలుసు.

నంబర్లంటే మోటారు చేసే సాయం. ఒకటి పెడితే కాస్త, నాలుగు పెడితే బాగా. మా కొండల్లో అరవై దాటినవాళ్ళందరికీ ఇప్పుడు ఈ మోటారు బిగించిన తొక్కుడు సైకిళ్ళే. పెడళ్ళ మధ్య ముద్దలా కూర్చునే మోటారు, మనం తొక్కితేనే తానూ తొక్కుతుంది. ఇంకొకరైతే హాయిగా నాలుగు పెట్టుకుని ఎక్కేస్తారు. క్వేతా అలా కాదు. ముప్పై ఐదేళ్ళు బళ్ళో వ్యాయామం నేర్పిన మనిషి. ఆవిడకి ఆ నంబరు తన గుండెకి వేసే మార్కు.

ఆ గుండెలో ఒక కవాటం ఇరుకైపోతోందని తేలి రెండేళ్ళయింది. మే నెలాఖరున డాక్టర్ షిమ్‌చీకొవా రెండు దారులు చెప్పింది. జూలైలోనే ఆపరేషన్, లేదా వచ్చే వసంతం దాకా ఆగడం. ఆలోచించుకోండి, బుధవారం పదకొండింటికి నేనే ఫోన్ చేస్తా అంది. ఆ బుధవారం ఇదే.

తలుపు గంట మోగింది.

"విల్మాయే," అంది ద్రాహా. "నేనే రమ్మన్నా."

"నా ఇంటికి నాకు చెప్పకుండా మనుషుల్ని పిలుస్తున్నారన్న మాట," అంటూనే క్వేతా గబగబా బూట్లు విప్పి తలుపు వెనక దాచేసింది. కూతురి ముందు ఎలా ఉన్నా ఫరవాలేదు గానీ, విల్మా కంట పడితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

విల్మా చెప్పులు మార్చుకుని లోపలికొచ్చింది. చేతిలో పియర్ పళ్ళు పరిచి కాల్చిన ఫ్రగాల్ రొట్టె, దాదాపు సైకిలు చక్రమంత.

"బతికే ఉన్నావా?" అని పలకరించింది.

"నీ బండి ఎక్కి కూడా," అంది క్వేతా. "దాన్ని తీసుకెళ్ళి షాపులో చూపించు. లోపల ఏదో విరిగింది."

"నా బండికి ఏ రోగమూ లేదు. సోమవారం దాని మీదే వెళ్ళి పది కిలోల పిండి తెచ్చా. దాంతో చేసిందే ఇది." ఫ్రగాల్ బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుంది. "నాకు అనుమానం నీ బండి మీదే. సీటు బాగుందేమో చూద్దామని కదా మార్చుకున్నాం? కాలు ఇలా ఆనించానో లేదో, ఎవరో వెనకనించి రెండు చేతులతో తోసినట్టు! ఒకటో నంబరేనా అని మూడుసార్లు తెర చూసుకున్నా. ఒకటే. మా ఆయన బతికున్నప్పుడు కూడా నన్నెవరూ అంత గట్టిగా తోయలేదు."

"బాగున్న బండి అలాగే ఉంటుంది మరి," అంది క్వేతా. "నీది పాడైంది కాబట్టి నీకు తేడా తెలిసింది."

"నేను ఎనభై ఎనిమిది కిలోలు క్వేతా. నన్ను ఒకటో నంబరు మీద యావొరెక్ ఎక్కించే బండి ఈ దేశంలో తయారవ్వలేదు. పైగా అది కూతపెడుతోంది. మలుపుల దగ్గరైతే సన్నగా, రంపం కోసినట్టు."

"పాడుతుంది. ఏప్రిల్ నుంచీ పాడుతోంది. నాకు ఇష్టం ఆ పాట."

ద్రాహా ఫ్రగాల్ కోయడానికి కత్తి తీయబోతున్నదల్లా ఆగింది. "ఏప్రిల్ నుంచా?" అంది. అని తండ్రికేసి చూసింది.

బొహుమీర్ కప్పు అలమరలో పెట్టాడు. "గ్యారేజీలో చిన్న పనుంది," అని ఎవరికీ చెప్పనట్టుగా చెప్పి బయటికి నడిచాడు.

బొహుమీర్ గురించి ఒక మాట చెప్పాలి. మావాళ్ళకి ఒక గొప్ప ఉంది, మావి బంగారు చేతులని. ఏది పాడైనా షాపుకి తీసుకెళ్ళరు, విప్పుతారు. పాడవ్వకపోయినా విప్పుతారు. బొహుమీర్ అందులో మరీ మొండి రకం. మూతబడిన కార్ఖానాలో ముప్పై ఏళ్ళు అచ్చులు కోసిన పనివాడు. చుట్టాలింటికి భోజనానికి వెళితే సూపు వచ్చేలోగా వాళ్ళ కాఫీ మిల్లు విప్పి బల్ల మీద పరిచేస్తాడు. చాలాసార్లు అది నిజంగానే బాగుపడుతుంది కూడా. అందుకే ఆయన్ని ఎవరూ ఆపలేదు. ఆపి ఉండాల్సిందని నాకనిపిస్తుంది.

ద్రాహా వెనకాలే వెళ్ళింది. తండ్రి పనిచేస్తుంటే టార్చి పట్టుకుని, 'నా వేళ్ళ మీద కొట్టవే వెలుగు, గోడ మీద కాదు' అని తిట్లు తింటూ ఆ గ్యారేజీలోనే పెరిగిన పిల్ల. తలుపు తోయగానే కనిపించింది. అమ్మ సైకిలు స్టాండుకి వేలాడుతోంది. మోటారు డొక్క తెరిచి ఉంది.

"ఇదేంటి?"

"మోటారు."

"మోటారని తెలుసు. ఎందుకు విప్పావు?"

"గ్రీజు చూద్దామని..."

"నాన్నా!"

బొహుమీర్ బోర్లించిన బీరు పెట్టె మీద కూర్చున్నాడు. తర్వాత చూపుడు వేలుతో పచ్చటి సర్క్యూటు పలక మీద ఒకచోట చూపించాడు.

"ఇక్కడ ఒక పట్టీ ఉంది చూశావా, గోరంత? మోటారుకి ఎంత కరెంటు పోతోందో దీన్ని బట్టే లెక్క. దీని పక్కన రాగి తీగ పెట్టి టంకం వేశా. సగం కరెంటు తీగలోంచి దొంగదారిన పోతుంది. దీని బుర్రకి అది తెలీదు, పట్టీనే చూస్తుంది. వందే ఇస్తున్నా అనుకుంటూ రెండొందలు ఇచ్చేస్తుంది."

"తెర మీద?"

"తెర మీదా వందే చూపిస్తుంది."

"అంటే ఒకటి అని చూపిస్తూ..."

"రెండూ, మూడూ మధ్యలో ఉంటుంది. సరిగ్గా ఎంతో నాకూ తెలీదు." గుడ్డలో చుట్టిన ఒక పళ్ళచక్రం తీసి కూతురి చేతిలో పెట్టాడు. "అంత జోరుకి లోపలి నైలాన్ చక్రం ఆగదు, పళ్ళు ఊడిపోతాయి. అందుకని ఇత్తడిది కోశా. కూతపెట్టేది ఇదే."

అంత కష్టంలోనూ ఆ చక్రం ఇచ్చేటప్పుడు ఆయన మొహంలో గర్వం కనిపించింది. పళ్ళు అంత బాగా కుదిరాయి మరి.

"ఎందుకు చేశావు నాన్నా? నీ బండికి చేసుకోవచ్చుగా?"

"నా బండికెందుకు? నేను నాలుగు మీదే తొక్కుతాగా." ఆయన మోకాళ్ళు రుద్దుకున్నాడు. "మార్చిలో నేనొక్కణ్ణీ కొండ మీదికెళ్ళా. అక్కడ శిఖరాన ఉన్న గోపురం కింద రేకు పెట్టెలో పుస్తకం ఉంటుంది కదా, ఎక్కినవాళ్ళంతా రాసేది? పెట్టె మూత బందు ఊడిందని ఎవరో చెబితే బాగుచేద్దామని వెళ్ళా. పుస్తకం చేతికొచ్చింది. తిరగేశా. మీ అమ్మ ప్రతి గురువారం రాస్తోంది. జనవరిలో 'రెండు, ఒకసారి ఆగాను'. ఫిబ్రవరిలో 'మూడు'. ఆఖర్న..." ఆయన ఆగాడు. "'నాలుగో నంబరు. మూడుసార్లు ఆగాను. యావొరెక్, ఇక సెలవు' అని. నాకు ఒక్క ముక్క చెప్పలేదే. కొండకి చెప్పింది, నాకు చెప్పలేదు."

ద్రాహా చక్రాన్ని గుడ్డలో చుట్టి తండ్రికి తిరిగిచ్చింది.

"ఏప్రిల్ మొదటి గురువారం కొండ దిగి రాగానే నన్ను వాటేసుకుంది. ఈ వయసులో, వీధిలో. 'బొహుష్, రెండు మీద ఎక్కేశా' అంటూ. పై వారం ఒకటి. పాటలు పాడింది. తోటలో టమాటాలు నాటింది. నువ్వు ఈస్టర్‌కి వచ్చినప్పుడు చూశావుగా ఎలా ఉందో. ఇందులో నేను చేసిన తప్పేంటి? గుండెకి బరువు తగ్గించా. అంతేగా?"

"డాక్టరుకి చెప్పావా?"

"బండి సంగతి డాక్టరుకెందుకు?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. ద్రాహాకి ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది.

"మేలో నువ్వు డాక్టరు గదిలోకి వెళ్ళలేదా నాన్నా?"

"వరండాలో కూర్చున్నా. కుర్చీ కాలు ఒకటి ఊగుతుంటే మరలు బిగించా. మీ అమ్మ బయటికొచ్చి అంతా బానే ఉందంది."

"లోపల ఏమైందో నాకు చెప్పింది. స్కాన్ చూస్తే కవాటం బాగా ఇరుకైంది, ఆపరేషన్ ఇప్పుడే చెయ్యాలి అన్నట్టుందట. కానీ ఆయాసం లేకపోతే ఆగొచ్చట. అందుకని డాక్టర్ అడిగింది, ఎత్తు ఎక్కుతుంటే ఎలా ఉంటోందని. అమ్మ ఏం చెప్పిందో తెలుసా? 'ఫిబ్రవరిలో మూడు మీద ఎక్కేదాన్ని, ఇప్పుడు ఒకటి మీద ఆగకుండా ఎక్కుతున్నా' అని. డాక్టర్ రెండుసార్లు అడిగిందట. 'మీ స్కాన్ ఒకటి చెబుతోంది, మీరు ఇంకోటి చెబుతున్నారు, నాకు పొంతన కుదరడం లేదు. ఎంతైనా కొండ ఎక్కే మనిషి మాటే నమ్ముతా' అందట. ఆ కొండే అమ్మకి పరీక్ష నాన్నా! ఆ పరీక్ష నువ్వు రాశావు."

బొహుమీర్ ఎదురుగా ఉన్న మోటారుని, దాని డొక్కలోని తీగల్ని, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. మంచి చేశానా, చెడు చేశానా అన్నది ఆయనకి ఆ క్షణంలో తేలలేదు. పదకొండు వారాల సంతోషం కళ్ళముందే ఉంది. అది అబద్ధం కాదు. ఆవిడ నిజంగానే పాడింది, నిజంగానే నాటింది. మరి ఆ సంతోషం వల్లే ఆవిడ ప్రాణానికి ముప్పు రావడమేమిటి?

"తీసేశా," అన్నాడు చివరికి. "పొద్దున్న మీరు లేవకముందే తీగ తీసేశా. పాత చక్రం బిగించా. మూత వెయ్యడమే మిగిలింది."

"ఎవరికీ తెలియకుండా సర్దేద్దామనా?"

"ఏమో! ఏదో ఒకటి చెయ్యాలిగా."

"చెయ్యాల్సింది వంటింట్లో ఉంది," అంది ద్రాహా. "పద."

వాళ్ళు వచ్చేసరికి విల్మా వెళ్ళిపోయింది. గడియారం పదిన్నర దాటింది. క్వేతా ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

బొహుమీర్ కూర్చోలేదు. బల్ల చివర నిలబడి, బళ్ళో తప్పు ఒప్పుకునే పిల్లాడిలా అంతా చెప్పాడు. పట్టీ, తీగ, టంకం. నాలుగు మీద కూడా మూడుసార్లు ఆగావనే చేశానన్నాడు, పుస్తకం మాట ఎత్తలేదు. చెబుతున్నంతసేపూ కూతురు కిటికీ దగ్గర నిలబడింది.

క్వేతా అంతా విని, నవ్వింది.

"బాగుంది," అంది. "చాలా బాగుంది బొహుష్. వాషింగ్ మిషను నీ చేతులతో బాగుపడింది. చర్చి గడియారం నీ చేతులతో బాగుపడింది. నా కళ్ళజోడు, నా కుట్టుమిషను, నా గొడుగు. ఈ ఇంట్లో ఒక్కటి, ఒకే ఒక్కటి తనంతట తాను బాగుపడింది. నేను! దానికి కూడా నీ చేతులకే పేరు కావాలా?"

"పేరు కోసం చెప్పట్లేదే."

"మరెందుకు చెబుతున్నావ్? ఆపరేషన్ బల్ల ఎక్కించాలని మీరిద్దరూ కూడబలుక్కుని అల్లిన కథ ఇది."

"అమ్మా, నేను మోటారు విప్పి ఉండగా చూశా."

"ఆయన మోటారు ఎప్పుడు విప్పలేదు? ఆయన చేతుల్లో నువ్వు బొమ్మవైతే నిన్ను కూడా విప్పేసేవాడు."

బొహుమీర్ జేబులోంచి ఇత్తడి చక్రం తీసి బల్ల మీద పెట్టాడు.

క్వేతా దాన్ని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. బొటనవేలి గోటితో పళ్ళ మీద గీసింది. సన్నటి కూత వచ్చింది. ఇంకోసారి గీసింది. అదే కూత.

రిఫ్రిజిరేటరు గుర్రుమని ఆగింది.

"నాలుగు మీద మూడుసార్లు ఆగిన సంగతి నీకెలా తెలుసు?" అంది క్వేతా. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు.

"పుస్తకం చదివా."

"అది నీ కోసం రాయలేదు."

"తెలుసు."

"తెలిసి చదివావు. చదివి నన్ను అడగలేదు. వెళ్ళి టంకం పెట్టావు."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"ఏమో! ఏడ్చేదాన్నేమో. ఏడిస్తే నువ్వు భరించలేవు, వెళ్ళి ఏదో ఒకటి విప్పుతావు." చక్రం బల్ల మీద పెట్టింది. "ఒక్కటి చెప్పు. ఆ పదకొండు గురువారాల్లో నాది ఎంత?"

"ఏంటి?"

"ఎక్కింది నేనూ, నీ మోటారూ కలిసేగా. అందులో నా కాళ్ళదెంత, నా గుండెదెంత? సగమా? పావు వంతా? వెంట్రుకలో పదో వంతు కూడా కొలుస్తావుగా నువ్వు. కొలిచి చెప్పు."

బొహుమీర్ తల దించుకున్నాడు. కొలిచే పట్టీకే ఆయన అబద్ధం నేర్పాడు. ఇంక ఆ పదకొండు వారాల్లో ఏది ఎంతో చెప్పే సాధనం ప్రపంచంలో లేదు. ఆవిడ గుండె ఆ రోజుల్లో ఎంత పాడైందో కూడా అందులోనే కలిసిపోయింది.

"తెలీదు క్వేతా," అన్నాడు. "ఒట్టు. తెలీదు."

ఫోను మోగింది. పదకొండు కావడానికి ఇంకా రెండు నిమిషాలుంది.

ద్రాహా కిటికీ దగ్గరనించి ఒక్క అడుగు ముందుకేసింది. "అమ్మా, ఆదివారం సంగతి చెప్పు. బండి సంగతి కూడా చెప్పు. అంతే. మిగతాది ఆవిడ చూసుకుంటుంది."

క్వేతా తల ఊపింది. ఫోను తీసి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టింది.

"నమస్తే జుబీచ్కొవా గారూ, షిమ్‌చీకొవాని మాట్లాడుతున్నా. ఎలా ఉన్నారు?"

"నమస్తే డాక్టర్ గారూ. బాగున్నా."

"నిర్ణయానికి వచ్చారా మరి? వచ్చే నెల పద్నాలుగున ఒక చోటు ఖాళీగా ఉంచాను మీకోసం. నిజం చెప్పాలంటే మీ స్కాన్ మళ్ళీ ఒకసారి చూశాను. నాకింకా మనసు ఒప్పడం లేదు. ఈ మధ్య ఎక్కుతుంటే ఏమైనా ఆయాసం గానీ, ఛాతీలో పట్టేసినట్టు గానీ, కళ్ళు తిరగడం గానీ?"

క్వేతా భర్తకేసి చూసింది. కోపంగా కాదు, దిగులుగా కాదు. ఆ చూపులో ఏముందో ఆయనకి ఎంత వెతికినా చిక్కలేదు.

"లేదండీ," అంది. "అలాంటిదేం లేదు."

"అమ్మా!" అంది ద్రాహా.

క్వేతా చెయ్యెత్తి ఆపింది. వ్యాయామం టీచరమ్మ చెయ్యి అది. దాని ముందు ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా ఆగేవారు. ద్రాహా కూడా ఆగిపోయింది.

"పోయిన గురువారం కూడా ఎక్కాను," అంది ఫోనులోకి. "ఒకటో నంబరు మీద. ఎక్కడా ఆగలేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"ఆశ్చర్యంగా ఉంది," అంది డాక్టర్. "సరే అయితే. మీ మాట మీదే ఉందాం. పద్నాలుగో తారీకు చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఏ కాస్త తేడా వచ్చినా..."

"వెంటనే చెబుతానండీ. మంచిది."

ఫోను ఆగిపోయింది.

"ఏం చేశావమ్మా? నీకు తెలుస్తోందా ఏం చేశావో?" ద్రాహా తన ఫోను తీసింది. "నేను మళ్ళీ ఫోన్ చేస్తా. నేనే చెబుతా."

"చెయ్యి. నా సంగతి ఎవరితో మాట్లాడొచ్చో ఆస్పత్రికి రాసిచ్చే కాయితం మీద నీ పేరు రాయలేదు నేను. ఆవిడ నీతో మాట్లాడదు."

"మాట్లాడకపోయినా వింటుంది!"

"వింటుంది. విని నన్ను అడుగుతుంది. నేను లేదంటా." క్వేతా బల్ల అంచు పట్టుకుంది. "మా అక్క జ్దెన్కా ఈ ఆపరేషన్‌కే వెళ్ళింది. నడుచుకుంటూ వెళ్ళింది, చక్రాల కుర్చీలో వచ్చింది. నెత్తురు గడ్డ మెదడుకెళ్ళింది. రెండేళ్ళు ఒక్క మాట లేదు. చెంచాతో సూపు పోసింది నేను, నువ్వు కాదు. ఇప్పుడు చెప్పు, ఏం చేశానో నాకు తెలీదా?"

"అందరికీ అలా అవ్వదమ్మా."

"అవ్వదు. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. వందలో ఇద్దరికో ముగ్గురికో అంది. ఆ ఇద్దరిలో ఒకతి నాకు తోడబుట్టింది."

ద్రాహా తండ్రికేసి తిరిగింది. "నువ్వన్నా చెప్పు నాన్నా! ఊరుకున్నావేంటి?"

"ఆయనేం చెబుతాడు?" అంది క్వేతా. "పదకొండు వారాలు నోరు మెదపలేదు. నా మంచికే కదా? వసంతం దాకా ఇంకాస్త మెదపకపోతే సరి. అది కూడా నా మంచికే."

బొహుమీర్ ఏదో అనబోయాడు. ఆవిడ తనని నమ్మిందా, నమ్మలేదా? నమ్మకపోతే ఆ చక్రాన్ని అలా గీసి గీసి ఎందుకు విన్నట్టు? నమ్మితే డాక్టరుకి అలా ఎందుకు చెప్పినట్టు? ఎన్నో యంత్రాలు విప్పి చూసిన మనిషికి నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి, అది వెంటనే చెప్పాలి అనిపించింది.

"క్వేతా, అది తీసేశా," అన్నాడు. "పొద్దున్నే తీసేశా. ఇప్పుడు నీ బండి మామూలు బండి. విల్మాది ఎంతో, నీదీ అంతే. ఒకటో నంబరు మీద నువ్వింక..."



క్వేతా లేచింది. ఇత్తడి చక్రాన్ని ఒక వేలితో బల్ల మీద నెడుతూ, నెడుతూ, ఆయన చేతి దాకా తెచ్చి వదిలింది.

"రేపు గురువారం," అంది. "సాయంత్రంలోగా మళ్ళీ పెట్టెయ్."